యైటింక్లయిన్ నిఘంటువు

పెద్దపల్లి జిల్లా వార్తలు చదివేవారికి యైటింక్లయిన్ కాలనీ అన్న పేరు కొత్త కాదు. గోదావరిఖని పక్కనే ఉన్న సింగరేణి కార్మికుల కాలనీ అది. ఆ పేరును ఒకసారి విడదీసి చూడండి. ఎయిట్ అనేది అంకె. ఇంక్లైన్ అంటే నేల మీద నుంచి బొగ్గు పొర దాకా ఏటవాలుగా దిగే దారి. రెండూ కలిస్తే ఎనిమిదో నంబరు ఏటవాలు గని. రెండు పరాయి మాటలు పక్కపక్కన పడేసరికి తెలుగు నాలుక ఊరుకోలేదు. మొదటి మాట చివరి హల్లును రెండో మాట మొదటి అచ్చుతో కలిపి సంధి చేసింది. ముందున్న అచ్చుకు యకారం తొడిగింది. గని పేరు ఊరి పేరైంది, ఊరి పేరు పత్రికలో డేట్‌లైన్ అయింది. అక్కడ పుట్టిన పిల్లలకు అందులో ఇంగ్లిషు ఉందని ఎవరో చెబితే తప్ప తట్టదు.

పరాయి మాటను ఇంత సొంతం చేసుకోవడం పనితనమే. ఈ వ్యాసంలో పరిచయం చేయదలచింది దాన్నే. దీన్ని చేసినవాళ్లలో పండితులు లేరు. నిఘంటువు ముఖం చూడని, బొగ్గు నింపే ఫిల్లర్లు, కర్ర ఆసరాలు నిలిపే టింబర్‌మెన్, బొగ్గు బండ్లు తోసే ట్రామర్లు, సర్దార్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు కలిసి చేసిన పని ఇది. డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడే ఇంగ్లిషు మాటలను కోల్‌బెల్ట్, అంటే బొగ్గు గనుల ప్రాంతపు జనం అర్థం చెడకుండా వాడుకున్నారు. ఈరోజు అదే గోదావరిఖనిలో వాళ్ల మనవలు పోటీ పరీక్షల కోసం కఠిన పదాల పట్టికలు ముందేసుకుని కూర్చుంటారు. ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం, మధ్యలో గీత. పొద్దున బట్టీ పట్టింది సాయంత్రానికి జారిపోతుంది. తాతలకు జారిపోని మాట మనవలకెందుకు జారిపోతోంది? తాతలు దాన్ని పట్టుకున్న తీరు వేరు కాబట్టి అని నా జవాబు. ఆ తీరును కాస్త దగ్గర నుంచి చూద్దాం.

మూడు పొరలు

బొగ్గులాగే ఈ భాషకూ పొరలున్నాయి. 1871లో భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గోదావరి ఒడ్డున రామగుండం గనులు ఆ తర్వాత చాలా కాలానికి వచ్చాయి. ఖని అన్న మాటతోనే ఒక పట్టణం వెలిసింది.

తొలినాటి ఇంజినీర్లు బ్రిటన్ నుంచి వచ్చారు. వాళ్లు తెచ్చింది లండన్ పుస్తకాల ఇంగ్లిషు కాదు. గనుల మాటల్లో చాలా భాగం ఇంగ్లండ్ ఈశాన్యంలో, న్యూకాజిల్ చుట్టుపక్కల బొగ్గు గనుల్లో పుట్టి పెరిగినవి. బొగ్గు నింపే చిన్న బండి టబ్. షాఫ్టు పైన నిలబడి గంట కొట్టేవాడు బ్యాంక్స్‌మన్. అడుగున అదే పని చేసేవాడు ఆన్‌సెట్టర్. పని జరిగే ముఖం వైపు ఇన్‌బై, బయటికి వచ్చే వైపు అవుట్‌బై. ఇవి అక్కడి గని కార్మికుల ఊరి మాటలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన దొరను నిలబెట్టి గోఫ్ అంటే ఏమిటని అడిగితే తల గోక్కునేవాడు. మన ఫిల్లర్‌కు మాత్రం అది మంచినీళ్లంత తెలిసిన మాట.

దీని కింద ఇంకో పొర నిజాం రాజ్యపు ఉర్దూది. సర్దార్, మజ్దూర్, బదిలీ వంటివి పారసీ, అరబీ మూలాల నుంచి వచ్చిన మాటలు. సర్దార్ అన్న మాట చివరికి ఇంగ్లిషు చట్టంలోకే ఎక్కింది. గనిలో ఒక జిల్లాకు, అంటే కొన్ని పని చోట్ల సముదాయానికి, భద్రత బాధ్యత వహించే ఉద్యోగికి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో అదే పేరు. అన్నిటికంటే కింద తెలుగు ఉంది. గనిని ఎవరూ మైన్ అనరు, బాయి అంటారు. డ్యూటీకి పోవడం బాయికి పోవడం, గనిలోకి వెళ్లడం బాయి దిగడం. చేతిలో ఉన్నది తట్ట. ఒక్క వాక్యంలో మూడు పొరలూ ఎలా కలుస్తాయో చూడండి:

“అన్నా, ఇయ్యాల హాలర్ ఆగింది. టబ్బులు డిప్పుల్నే ఉన్నయి. సర్దార్ సాబ్ ప్యానెల్లకు ఎవర్ని పోనిస్తలేడు, గోఫ్ పడ్తదంటున్నడు.”

హాలర్ టబ్బులను లాగే యంత్రం, డిప్పు పొర కిందికి వాలే వైపు, ప్యానెల్ గనిలో విడదీసిన ఒక పని భాగం. గోఫ్ సంగతి తర్వాత చూద్దాం. ఇంత కలగాపులగమా అని భాషాభిమానులు నొసలు చిట్లించవచ్చు. సి.పి. బ్రౌన్ చిట్లించలేదు. కోర్టుల్లో, కచేరీల్లో తెలుగువాళ్లు వాడుతున్న హిందుస్తానీ, పారసీ, ఇంగ్లిషు మాటలను ఏరి, 1854లో మిశ్రభాషా నిఘంటువు అని విడిగా ఒక పుస్తకమే వేశాడు. జనం నోట నలిగిన మాటకు నిఘంటువులో చోటుందని ఆయన నూట డెబ్బై ఏళ్ల కిందటే ఒప్పుకున్నాడు. అదే చూపుతో చూస్తే పై వాక్యంలో కలగాపులగం కనిపించదు. ప్రతి మాటా తన చోట సరిగ్గా కూర్చుని ఉంది.

చెక్కిన తీరు

ముందు ధ్వని సంగతి. టబ్ టబ్బు అయింది, డిప్ డిప్పు అయింది. రోప్ మాత్రం రోప్పు కాలేదు, రోపు అయింది. రైజ్ రైజు, బెల్ట్ బెల్టు, ల్యాంప్ ల్యాంపు. ఇందులో ఒక లెక్క ఉంది. పొట్టి అచ్చు తర్వాత ఒకే హల్లు ఉంటే తెలుగు దాన్ని ద్విత్వం చేసి ఉకారం చేరుస్తుంది. అచ్చు పొడుగైనా, హల్లులు జంటగా ఉన్నా ద్విత్వం అక్కర్లేదు, ఉకారం చాలు. బస్సు, పెన్ను, కప్పు ఒక వరసలో, గేటు, కేసు ఇంకో వరసలో చేరింది ఈ లెక్క ప్రకారమే. ఈ సూత్రాన్ని ఏ బడిలోనూ చెప్పరు. బడికే పోని ట్రామర్ కూడా దాన్ని తప్పకుండా పాటించాడు.

తర్వాత క్రియలు. ఇంగ్లిషు నామవాచకాన్ని తెచ్చుకుని దానికి తెలుగు క్రియ అతకడంలో కోల్‌బెల్ట్ నేర్పు కనిపిస్తుంది. మస్టర్ అంటే హాజరు. మస్టర్ పడుతుంది. పడటం అన్న క్రియ ఎంత సరిపోయిందో చూడండి. వేతనం పడుతుంది, సంతకం పడుతుంది, ముద్ర పడుతుంది. కాగితం మీద ఒకసారి దిగితే చెరగని వాటన్నిటికీ మనం పడటం వాడతాం. మస్టర్ కూడా అటువంటిదే. 1952 గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పని చేసేవాడికి ఏడాదికి 190 హాజరులు, పైన పని చేసేవాడికి 240 ఉంటేనే వేతనంతో కూడిన వార్షిక సెలవు హక్కుగా వచ్చేది. అందుకే “మస్టర్లు తక్కువ పడ్డయి” అన్న మాట ఇంట్లో వినబడితే పిల్లలు కూడా అల్లరి మానేసేవారు.

ఇక ప్లేడే. వారపు సెలవు నాడు చేసే డ్యూటీకి సింగరేణిలో ఉన్న పేరు ఇది. కొత్తగా విన్నవాడు ఆటల రోజు అనుకుంటాడు. బ్రిటన్ ఉత్తరాది గనుల్లో ప్లే అంటే గని నడవకుండా ఊరికే ఉండటం, ప్లేడే అంటే పని లేని రోజు. ఆ పని లేని రోజున పనికి వెళ్తే ఎక్కువ కూలి. క్రమంగా ఆ పేరు ఆ రోజు చేసే పనికే అంటుకుంది. అర్థం ఒక చుట్టు తిరిగి తనకు ఎదురుగా వచ్చి నిలబడిందన్న మాట. ఇంగ్లండ్‌లో ఆ గనులు మూతపడ్డాయి, ఆ వాడుకా మరుగున పడుతోంది. గోదావరి ఒడ్డున మాత్రం దాని మీద యూనియన్లు ఇంకా చర్చలు జరుపుతున్నాయి.

గోఫ్ దగ్గర

ఒక్క మాటను తీసుకుని నిదానంగా చూస్తే ఈ పనితనం లోతు తెలుస్తుంది. గోఫ్‌నే తీసుకుందాం.

మన భూగర్భ గనుల్లో ఎక్కువ కాలం నడిచిన పద్ధతి బోర్డ్ అండ్ పిల్లర్. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా గ్యాలరీలు తొలుస్తూ పోతారు. మధ్యలో చదరపు బొగ్గు స్తంభాలు మిగులుతాయి. పైకప్పును మోసేవి అవే. నిబంధనల్లో గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని ఉంది. ఇది మొదటి దశ. రెండో దశలో ఆ స్తంభాలను కూడా ఒక వరసలో కోసుకుంటూ వెనక్కి వస్తారు. అది డీపిల్లరింగ్. స్తంభం పోయిన చోట పైకప్పుకు ఆధారం ఉండదు. కొంతసేపు వేలాడుతుంది, తర్వాత కూలుతుంది. లేదంటే ఆ ఖాళీలోకి ఇసుక పంపి నింపుతారు, దాన్ని స్టోయింగ్ అంటారు. బొగ్గు తీసేశాక మిగిలిన ఆ ఖాళీ చోటు పేరే గోఫ్. కూలినా గోఫే, కూలకపోయినా గోఫే.

నిఘంటువు ఇక్కడితో ఆగుతుంది. కార్మికుడి అర్థం ఇక్కడ మొదలవుతుంది. గోఫ్ అంటే ఒక అంచు. ఆ అంచు ఇవ్వాళ ఉన్న చోట రేపు ఉండదు, స్తంభం కోసినకొద్దీ జరుగుతుంది. ఆ అంచు దాటి ఎవరూ కాలు పెట్టకూడదు. అంచు వెంబడి ఆసరాల వరస ఉండాలి. పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్ల చప్పుడు చేస్తుంది. కర్ర ప్రాపులు కిర్రుమంటే, పైనుంచి చిన్న పెళ్లలు రాలితే, పనిముట్లు వదిలేసి ఇవతలికి రావాలి. గోఫ్ పడినప్పుడు గాలి ఒక్కసారిగా తోసుకొస్తుంది. పెద్ద మొత్తంలో కూలితే మనిషిని ఎత్తి పడేసేంత బలం ఆ గాలికి ఉంటుంది.

ఇన్ని సంగతులు ఒక్క అక్షరమున్నర మాటలో ఇమిడాయి. కొత్తగా చేరినవాడికి పాతవాడు దాని అర్థం చెప్పడు. “తమ్మీ, అది గోఫు, ఆవలికి పోవద్దు” అంటాడు. నిర్వచనం, హద్దు, ఆజ్ఞ మూడూ ఆ ఒక్క వాక్యంలోనే వచ్చేశాయి. మాట తెలియడమంటే ఆ మాట దగ్గర ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియడం. కోల్‌బెల్ట్ నిఘంటువులోని ప్రతి మాటా ఈ పద్ధతిలోనే తయారైంది.

అంకెతో పుట్టిన అర్థం

సర్దార్ కావాలంటే ధన్‌బాద్‌లో కేంద్ర కార్యాలయమున్న గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఆ పరీక్షకు చదివేవాడు ఎదుర్కొనే మాటలు చూడండి: వెంటిలేషన్, ఇనండేషన్, సబ్సిడెన్స్, స్పాంటేనియస్ హీటింగ్, కాంట్రావెన్షన్. పోటీ పరీక్షల పట్టికలో ఇవన్నీ కఠిన పదాల కిందే లెక్క. ఇక్కడ మాత్రం ఒక్కోదాన్ని ఒక కొలత పట్టుకుని ఉంటుంది. వెంటిలేషన్ బాగుండటమంటే చల్లగాలి తగలడం ఒక్కటే కాదు. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలి, మనుషులను వెనక్కి రప్పించాలి. సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అది నిప్పు రవ్వకు పేలుతుంది.

ఆ మీథేన్‌కు గని ఇంగ్లిషులో ఫైర్‌డ్యాంప్ అని పేరు. డ్యాంప్ అంటే తడి అని మన పిల్లలకు తెలుసు. గనిలో తడికీ దీనికీ సంబంధం లేదు. పాత జర్మన్ భాషల్లో ఆవిరికి ఉన్న పేరు నుంచి వచ్చిన డ్యాంప్ ఇక్కడ తన పాత అర్థాన్నే నిలుపుకుంది. ఫైర్‌డ్యాంప్ మండే వాయువు. బ్లాక్‌డ్యాంప్ ఊపిరాడనివ్వని వాయువు. ఆఫ్టర్‌డ్యాంప్ పేలుడు తర్వాత మిగిలే విషం. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన దీపంతో ఫైర్‌డ్యాంప్‌ను కనిపెట్టేవారు. జ్వాలను బాగా తగ్గించి పట్టుకుంటే దాని నెత్తిన లేత నీలం టోపీ కనిపిస్తుంది. టోపీ ఎత్తును బట్టి వాయువు శాతం చెప్పేవారు. అర్థాన్ని కంటితో కొలిచి నేర్చుకోవడమంటే ఇదే.

ఈ మాటల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇన్‌ఫ్లేమబుల్. గనుల నిబంధనల్లో మీథేన్‌ను ఇన్‌ఫ్లేమబుల్ గ్యాస్ అన్నారు. ఇంగ్లిషులో ముందు ఇన్ వస్తే కాదు అని అర్థం అని మనం బళ్లో నేర్చుకున్నాం. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్, ఇన్‌కంప్లీట్. ఆ లెక్కన ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కావాలి. నిజానికది ఇట్టే మండేది. లాటిన్ నుంచి వచ్చిన ఇన్‌లు రెండు. ఒకటి కాదనేది, రెండోది లోపలికి, మీదికి అనేది. ఇన్‌వాలిడ్‌లో ఉన్నది మొదటిది. ఇంక్లైన్, ఇనండేషన్, ఇన్‌ఫ్లేమబుల్‌లలో ఉన్నది రెండోది. ఈ గందరగోళం ప్రాణాల మీదికి వస్తుందనే చాలా దేశాల్లో ట్యాంకర్ల మీద, డబ్బాల మీద ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అని రాయడం మొదలుపెట్టారు. వ్యాకరణం చదవని గని కార్మికుడు మాత్రం ఈ మాటను ఎన్నడూ తప్పుగా తీసుకోలేదు. దాన్ని దీపంలో చూసి నేర్చుకున్నాడు.

ఇనండేషన్ సంగతి వేరు. గనిలోకి నీళ్లు ఒక్కసారిగా ముంచుకురావడం దాని అర్థం. గోదావరిఖని ఈ మాటను 2003 జూన్ 16న నేర్చుకుంది. ఆ రోజు జీడీకే 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ ప్రాంతంలో ఈ మాటకు అర్థం అడిగినవాళ్లుండరు.

పేస్లిప్పులో లాటిన్

గని లోపలి మాటల సంగతి సరే, ఇంట్లో మాటల సంగతి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. కార్మికుడి భార్య, తల్లి, పిల్లలు రోజూ వాడే మాటలు కొన్ని చూడండి: డిపెండెంట్, పెండింగ్, సస్పెన్షన్, కాంపెన్సేషన్, పెన్షన్. ఈ అయిదూ అయిదు వేర్వేరు కష్టసుఖాలు. లాటిన్‌లో వీటి వేరు ఒకటే. వేలాడటం, వేలాడదీసి తూచడం అన్న అర్థాలున్న ఒకే ధాతువు నుంచి ఈ కుటుంబమంతా పుట్టింది.

డిపెండెంట్ ఒకరి మీద వేలాడుతున్నవాడు, అంటే ఆధారపడ్డవాడు. పెండింగ్ ఫైలు తేలకుండా వేలాడుతున్నది. సస్పెన్షన్‌లో ఉన్నవాడిని తీసేయలేదు, పనిలో పెట్టుకోనూ లేదు, మధ్యలో వేలాడదీశారు. పాత రోజుల్లో డబ్బును త్రాసులో తూచి ఇచ్చేవారు కాబట్టి తూచడం చెల్లించడం అయింది. పెన్షన్ అలా తూచి ఇచ్చేది. కాంపెన్సేషన్ నష్టానికి ఎదురు పళ్లెంలో పెట్టి సరితూచేది. ఇప్పుడు పోటీ పరీక్షల పట్టిక తెరవండి. ఇంపెండింగ్: నెత్తిమీద వేలాడుతున్నది, ముంచుకొస్తున్నది. పెన్సివ్: మనసులో ఏదో తూచుకుంటూ ఆలోచనలో మునిగినవాడు. ప్రొపెన్సిటీ: ఒక పక్కకు ఒరిగే తత్వం, మొగ్గు. ఇండిస్పెన్సబుల్: విడిచిపెట్టడానికి వీల్లేనిది. గోదావరిఖని పిల్లకు ఈ నాలుగూ చుట్టాలే. పరిచయం చేసేవాళ్లే లేరు.

ఇన్‌వాలిడేషన్ కూడా అంతే. ఆరోగ్యం చెడి పని చేయలేని కార్మికుడిని మెడికల్ బోర్డు ఇన్‌వాలిడేట్ చేస్తుంది, అతని చోట ఇంట్లో ఒకరికి ఉద్యోగ అవకాశం వస్తుంది. ఇంగ్లిషు ఎమ్మే చేసినవాడు ఏడాదికి ఒకసారి కూడా వాడని మాట ఇది. ఇక్కడ కూరగాయల మార్కెట్‌లో వినిపిస్తుంది. దీని లోపలి ధాతువుకు బలం అని అర్థం. అదే బలం వ్యాలర్‌లో శౌర్యం అయింది, ఈక్వివలెంట్‌లో సమానబలం అయింది. ప్రివలెంట్‌లో అది అంతటా బలంగా పాకిపోయినదానికి పేరు. కాన్వాలెసెన్స్ జబ్బు నుంచి లేచి మళ్లీ బలం కూడదీసుకునే దశ. అంబివలెన్స్ రెండు వైపులకూ సమాన బలంతో లాగే మనసు. తండ్రి ఆరోగ్యం పోయిందన్న దిగులు, కొడుక్కి ఉద్యోగం వచ్చిందన్న ఊరట ఒకే రోజు అనుభవించిన ఇంటికి ఆ ఆఖరి మాటకు అర్థం వేరే చెప్పాలా?

ఎక్స్‌గ్రేషియా, గ్రాట్యుటీ అన్న జంట మరీ సూక్ష్మమైనది. రెండింటి మూలమూ దయ, అనుగ్రహం. ఎక్స్‌గ్రేషియా అంటే బాధ్యత ఒప్పుకోకుండా దయతో ఇచ్చేది. గ్రాట్యుటీ కూడా ఒకప్పుడు అంతే. కానీ 1972 గ్రాట్యుటీ చట్టం వచ్చాక అది హక్కు అయింది. అయిదేళ్ల సర్వీసు నిండితే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇచ్చి తీరాలి. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి దయగానే మిగిలింది, రెండోది హక్కుగా మారింది. ఏది అడగవచ్చో ఏది అడుక్కోవాలో యూనియన్ కార్యకర్తకు కచ్చితంగా తెలుసు. అదే వేరుకు పట్టికలో ఉన్న కఠిన పదాలు: గ్రాట్యుటస్ అంటే ఎవరూ అడగకుండా, కారణం లేకుండా చేసినది. ఇన్‌గ్రేట్ కృతఘ్నుడు. ఇన్‌గ్రేషియేట్ అంటే పెద్దల మెప్పులోకి చొరబడటం. ఇక్కడ మళ్లీ రెండు ఇన్‌లు ఎదురయ్యాయి. ఇన్‌గ్రేట్‌లో కాదనే ఇన్, ఇన్‌గ్రేషియేట్‌లో లోపలికి వెళ్లే ఇన్. గ్యాస్ దగ్గర నేర్చుకున్న తేడా ఇక్కడా పనికొచ్చింది.

ఇనండేషన్‌కూ ఒక చుట్టం ఉంది. దాని లోపల ఉన్నది లాటిన్ అల. ఆ అల పొర్లి పారితే అబండెంట్, సమృద్ధి. అవసరానికి మించి పొర్లిపోతే రెడండెంట్, అక్కర్లేనిది. బ్రిటన్‌లో పని తగ్గి తీసేసిన కార్మికుడిని రెడండెంట్ అంటారు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. గని లోపలికి వచ్చిన అల, గని బయటికి నెట్టిన అల ఒకే మాటలో ఉన్నాయి. లాటిన్‌వాళ్లు బొగ్గు బాయిని ఊహించి ఈ మాట చేయలేదు గానీ, ఇంతకంటే బాగా అమరదు.

అయితే ఒక జాగ్రత్త. వేరు దారి చూపిస్తుంది, ఇల్లు చూపించదు. ప్లేడేలో ఆట లేదు, ఫైర్‌డ్యాంప్‌లో తడి లేదు. పెన్షన్‌లో కనిపించే పెన్‌కు రాసే పెన్నుతో చుట్టరికం లేదు, పెన్ను ఈక నుంచి వచ్చింది. చివరి మాట వాడుకదే. కోల్‌బెల్ట్ జనానికి ధాతువులు తెలియకపోయినా అర్థాలు తప్పలేదంటే వాడుకను గట్టిగా పట్టుకోవడమే కారణం. వాడుక ముందు, వేరు తర్వాత అన్నదే సరైన వరస.

పట్టిక ముందు కూర్చున్నవాళ్లకు

ఈ నిఘంటువు పేజీలు ఇప్పుడు మారుతున్నాయి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు మీది మట్టి, రాయి ఓవర్‌బర్డెన్. అది ఓబీగా కుదించుకుని ఊళ్ల పక్కన గుట్టలుగా పేరుకుంది. డంపర్, షవల్ నోటికి దగ్గరయ్యాయి. అడ్రియాల గనితో లాంగ్‌వాల్ మాటలు వచ్చాయి. టబ్బు, తట్ట, ట్రామర్ రిటైరైనవాళ్ల నోళ్లలో మిగిలాయి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టి, 1971లో చేనేత పదాల సంపుటం తెచ్చారు. ఊరూరూ తిరిగి, పని చేసేవాళ్లను అడిగి, పనిముట్టు బొమ్మ గీసి, ఎక్కడ ఏమంటారో రాసుకున్న పద్ధతి అది. బాయి మాటలకు కూడా అంత శ్రద్ధ దక్కాలి. అడిగితే చెప్పగలవాళ్లు యైటింక్లయిన్ కాలనీలో, ఫైవింక్లయిన్‌లో, గోదావరిఖని చౌరస్తా చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

పట్టిక బట్టీ పట్టే విద్యార్థి ఈ పద్ధతిని ఇవాళే వాడుకోవచ్చు. కొత్త మాట ఎదురైతే నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇది ఎక్కడ జరుగుతుంది? ఎంత వరకు ఇది, ఎక్కడ దాటితే ఇంకోటి? ఎవరికి వర్తిస్తుంది? ఇది వినబడితే ఏం చేయాలి?

పట్టికలో తరచూ కనిపించే ప్రికేరియస్‌నే తీసుకోండి. అస్థిరమైన, ప్రమాదకరమైన అని కుడి పక్క రాసి ఉంటుంది. అది గుర్తుండదు. ఆ మాటకు మూలం లాటిన్‌లో వేడుకోవడం. వేడుకుంటే దక్కేది, ఇచ్చినవాడు వద్దంటే పోయేది అని మొదటి అర్థం. ఎక్కడ జరుగుతుంది? స్తంభం తీసేశాక ఆసరా లేకుండా వేలాడే పైకప్పు కింద. ఎంత వరకు? కూలితే అది ప్రికేరియస్ కాదు, కూలకముందు వరకే. ఎవరికి? ఈ నెల పిలిచి వచ్చే నెల పిలవకపోయే కాంట్రాక్టు కార్మికుడికి. వినబడితే ఏం చేయాలి? పైకప్పు అయితే ఇవతలికి రావాలి, ఉద్యోగమైతే కాగితం మీద రాయించుకోవాలి. ఇప్పుడు దీన్ని మరిచిపోవడం కష్టం. తర్వాతి మాటకు వెళ్లేముందు ఇంట్లో సర్వీసు చేసిన పెద్దాయన ఉంటే ఆయన్ని అడగండి. మీ పట్టికలోని మాటల్లో సగానికి ఆయన దగ్గర ఒక చోటు, ఒక కొలత, ఒక జాగ్రత్త దొరుకుతాయి.